కింద గీత గీయండి

కోస్గి. శుక్రారం. ఆఖరి పీరియడ్.
కరెంటు లేదు. సుద్దముక్క బొటనవేలి గోరంత మిగిలింది.
దాంతోనే బోర్డు మీద రాసిన:
కర్త, క్రియ జంటగా ఉంటే క్లాజ్.
జంట లేకపోతే ఫ్రేజ్.
జంట అనంగనే వెనక బెంచీల కిసుక్కుమన్నరు.
నవ్వనియ్యి. గట్లన్న గుర్తుంటది.

బల్ల కింద. ఫ్రేజ్.
సంత కాడ. ఫ్రేజ్.
తెల్లారకముందే పొగ కక్కే బస్సు.
ఇదేంది మేడమ్, కక్కుడు ఉన్నది గద,
అది క్రియ గాదా?
అడిగింది సబియా.

కక్కుతది గాని బిడ్డా,
అది బస్సును వట్టుకొని వేలాడుతున్నది,
తన కాళ్ల మీద తాను నిలబడే క్రియ ఒకటి కావాలె.
సబియా తలూపింది,
అర్థమైందన్నట్టు గాదు,
సరే తియ్యి అన్నట్టు.

వానొస్తే.
మనకు ఆ చివరి 'స్తే' చాలు,
విన్నోడు తర్వాతి మాటకు చెవి వెడతడు.
ఇంగ్లీషుల ముందే ఒక 'ఇఫ్' వెట్టాలె,
వాన తనంతట తాను రాదు,
దాని తరఫున ఒక 'ఇట్' వచ్చి నిలవాలె.
ఎవరు మేడమ్ ఆ ఇట్?
ఇరవై రెండేండ్ల సంది చెప్తున్న,
నాకూ తెల్వదు.

రాత్రి నోట్సులు ముందలేసుకున్న.
సీజనల్ హాస్టల్ పిల్లలవి వేరే కట్ట,
వాటికి చింతపులుసు వాసన.
ఆశప్పది అట్ట ఊడింది.
ఇంటోళ్ల గురించి రాసి
క్లాజుల కింద గీత గీయమన్న.
ఒక్కటే రాసిండు:
పుణె ఇన్ పిట్ డిగ్గింగ్ మై మదర్.
మొత్తానికి గీత, స్కేలు వెట్టి.

ఎర్రపెన్ను మూత తీసిన.
వాక్యం గాదు. క్లాజ్ గాదు.
పుణెల గుంత తవ్వుతున్న మా అమ్మ.
మన దాంట్ల ముందు పుణె వస్తది,
గుంత వస్తది, తవ్వుడు అయితది,
అన్నీ అయినంక
ఆఖరుకు దిగుతది అమ్మ,
ఆమె దిగేదాక ఆగుతం మనం.
ఇంగ్లీషుల అమ్మను ముందే నిలబెట్టాలె.
మై మదర్.
ఎనక 'హూ' అనే కొక్కెం,
కొక్కానికి పార, గుంత, పుణె.
ఏది నయమో నన్నడగొద్దు,
పరీక్షల మాత్రం రెండోదే.

దిద్దిన.
మై మదర్ హూ డిగ్స్ పిట్స్ ఇన్ పుణె.
దిద్దినంక సూస్తే ఇంకా వాక్యం గాలే.
గుంతలు తవ్వే అమ్మ, సరే,
అయితే ఏంది?
అసలు క్రియ ఏది?

పొద్దుగాల పిలిచి అడిగిన.
ఆమె గురించే గద చెప్తున్నవు,
తర్వాత ఏందిరా?
ఏం లేదు మేడమ్, గంతే.
పోబోయి తిరిగొచ్చిండు.
పీర్ల పండుగకు వస్తనన్నది, ఫోన్ల.

రాయి మరి, అన్న.
రాసిండు, నా బల్ల మీదనే, నిలబడి.
మై మదర్ హూ డిగ్స్ పిట్స్ ఇన్ పుణె
సెడ్ షి విల్ కమ్ ఫర్ పీర్ల పండుగ.
పండుగను తెలుగులనే ఉంచిండు,
నేనూ ఉండనిచ్చిన.

ఇప్పుడు వాక్యం.
ఇప్పుడు చెప్పు, ప్రధాన క్రియ ఏది?
చెప్పాల్సింది నేనే, నాకు తెలుసు:
'అన్నది', అదే ప్రధానం.
దాని మీదనే అన్నీ ఆనుకొని ఉన్నయి.
'వస్తది' అన్నది ఉపవాక్యం,
అన్న మాట ఉంటేనే అది ఉంటది.
పుస్తకంల గట్లనే ఉన్నది.
తప్పేం లేదు పుస్తకంల.

ఆశప్ప స్కేలు తీసిండు.
'కమ్' కింద గీసిండు,
గీత సన్నగున్నదని
మళ్లొకసారి గీసిండు.

తప్పే.
పెన్ను చేతులనే ఉన్నది.
గంట కొట్టిన్రు,
నేను హాజరు రిజిస్టర్ తీసిన.